పార్లమెంటులో యాదమ్మక్క ఎత్తిన చేయి

నా పేరు రాయను. రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు, నాకు మాత్రం ఈ కాస్త ధైర్యం కూడా జారిపోతుంది. ఇబ్రహీంపట్నంలో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పే లెక్చరర్ని అని తెలుసుకోండి, చాలు. యాదమ్మక్క పేరు మాత్రం దాచను. ఆ పేరు చూడగానే నేనెవరో మా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. తెలియనివ్వండి.

ఒక తప్పు చేసి ఇన్నేళ్లు మోశాను. మోశాను అనడం కూడా గొప్పలు పోవడమే. మోసింది ఆమె. నేను పక్కన చేతులూపుకుంటూ నడిచాను. తిన్నాను, నిద్రపోయాను, ఇల్లు కట్టాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. మరి ఇప్పుడెందుకు చెబుతున్నాను? మొన్న ఆమె నన్ను మెచ్చుకుంది. అందుకు. తిట్టి ఉంటే బహుశా ఇంకా నోరు మూసుకునే ఉండేవాణ్ణి. ఆ మెప్పు విన్న క్షణం నుంచి నేను మామూలు మనిషిని కాలేకపోతున్నాను.

మొదటి నుంచి చెప్పాలి. చెప్పే క్రమంలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తే మీరే పట్టుకోండి. పాఠం చెప్పి చెప్పి నాకు మాటలతో తప్పించుకోవడం బాగా అలవాటైంది.

తెలంగాణ వచ్చిన తర్వాతి సంగతి. సాగర్ రోడ్డు దిగి లోపలికి వెళితే మా ఊరు. కంపెనీల కోసం మా పొలాలు తీసుకుంటామని కబురొచ్చింది. మిట్ట భూములు తీసుకోండి, చెరువు కింది పొలాలు మాత్రం వదిలేయండి అని ఊరు ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. మాకు తెలిసిన ఒక ఎంపీ ద్వారా ఢిల్లీలో ఒక మంత్రిని కలిసే వీలు దొరికింది. ఊరి తరఫున కొందరం బయలుదేరాం. హిందీ, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను ముందు పెట్టారు. వార్డు మెంబరు కాబట్టి యాదమ్మక్క వచ్చింది. ఆమెకున్న భూమంతా చెరువు కిందే.

ఇక్కడ మా గ్రామసభ గురించి ఒక మాట చెప్పాలి. తీర్మానం చదివి "ఏమంటరు?" అని అడుగుతారు. ఒప్పుకున్నవాళ్లు కూర్చునే ఉంటారు. ఒప్పుకోనివాళ్లు లేచి, చేయెత్తి "ఒద్దు" అంటారు. పుస్తకాల్లో ఇలా లేదు, మా ఊళ్లో ఇలాగే నడుస్తుంది. గట్టిగా వద్దన్న మనిషి మాటకు తీర్మానం ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆపిన మనిషి చాలాసార్లు యాదమ్మక్కే. ఆమె లేచి చేయెత్తిందంటే సర్పంచి చేతిలో కాగితం కిందికి దిగాల్సిందే.

వచ్చే ఎన్నికల్లో మా ఊరి సర్పంచి పదవి మహిళలకు రిజర్వవుతుందని అప్పటికే అనుకుంటున్నారు. యాదమ్మక్క నిలబడితే ఎదురుండదని కూడా అనుకుంటున్నారు. నేను మా ఆవిడను నిలబెట్టాలనుకుంటున్నాను. మా ఆవిడ అనుకోలేదు. నేను అనుకున్నాను. సర్పంచి భర్తగా నేను స్టేజీ మీద కూర్చోవడం, మైకులో మాట్లాడటం, ఇవన్నీ నా కళ్ల ముందు కదిలేవి. నవ్వొస్తోంది కదా? నాకు ఇప్పుడు నవ్వు కూడా రావడం లేదు.

రైల్లో నేనే వక్తను. దేశ రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి ఎలా మారింది, తెల్లదొరలు కొత్త నగరానికి రైసినా కొండను ఎందుకు ఎంచుకున్నారు, గుండ్రటి పార్లమెంటు భవనాన్ని స్తంభాలు పెట్టి ఎలా కట్టారు, అదే భవనంలో వాళ్లు పోయి మన వాళ్లు ఎలా కూర్చున్నారు, అంతా చెప్పుకొచ్చాను. బోగీలో పక్క సీట్లవాళ్లు కూడా వింటున్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. అప్పుడు యాదమ్మక్క, "ఆ కొండ కాడ ఊర్లు లేకుండెనా సారూ? ఆళ్ల పొలాలేమైనయ్?" అని అడిగింది.

మామూలు ప్రశ్న. పొలం పోతుందన్న భయంతో రైలెక్కిన ఏ మనిషైనా అడుగుతుంది. కానీ ఆ ప్రశ్నతో అందరి ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. "అవ్, గది అడుగు" అన్నాడొకడు. ఇక మా ఊరి పొలాలు, ఎవరి కాలువ ఎటు పారుతుంది, ఎవరి నాట్లు ఎప్పుడు, అన్నీ ఆ ముచ్చట్లే. నా పార్లమెంటు సగంలో ఆగిపోయింది. ఎవరూ "తర్వాతేమైంది సారూ" అని అడగలేదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కడుపు మండిపోయింది. ఇంత చిన్న దానికా? ఇంత చిన్న దానికే. మనిషి చెడిపోవడానికి పెద్ద కారణాలు కావాలని నేను అనుకునేవాణ్ణి. అక్కర్లేదట.

మంత్రిని కలిసేది సాయంత్రం. మధ్యాహ్నం సభ చూడటానికి ఎంపీ పాసులు ఇప్పించాడు. పార్లమెంటు గ్యాలరీ పాసంటే సినిమా టికెట్టు కాదు. ఈ మనిషి నాకు తెలుసు, ఈ మనిషికి నాది పూచీ అని ఒక సభ్యుడు సంతకం పెడితేనే వస్తుంది. లోపల గ్యాలరీలో కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు, చేయి ఎత్తకూడదు, చప్పట్లు కూడా కొట్టకూడదు. కొడితే సభను అగౌరవపరచినట్టు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే.

రైలు ఢిల్లీకి దగ్గరపడుతుండగా యాదమ్మక్క వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుంది.

"సారూ, ఆడ మనం సుత మాట్లాడొచ్చా?"

"ఎందుకు మాట్లాడొద్దక్కా? మన గ్రామసభ లెక్కనే. ఒప్పుకుంటరా అని అడుగుతరు. ఒద్దనిపిస్తే లేచి చెయ్యెత్తు. ఒద్దను."

"నన్నేమనరా?"

"ఏమంటరు? ప్రజల సభనే గద."

"నువ్వు చెప్పినంక ఇంకేంది సారూ," అంది. ధైర్యంగా నవ్వింది కూడా.

ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పలేను. నేనేం అనుకున్నాను? ఆమె చేయెత్తుతుంది, అక్కడి సిబ్బంది వచ్చి కూర్చోమని కసురుతారు, మా వాళ్లు ముసిముసిగా నవ్వుతారు, ఊరికొచ్చాక కొన్నాళ్లు చెప్పుకుంటారు. ఆమె కాస్త చిన్నబోతుంది. అంతే అనుకున్నాను. అంతేనా? ఎంపీ సంతకం గురించి తెలిసిన మనిషిని, సభకు శిక్షించే అధికారం ఉందని ఏటా బల్ల గుద్ది చెప్పే మనిషిని, అంతే అనుకున్నానని ఎలా రాయగలుగుతున్నాను? తెలుసు నాకు. ఎంత దూరం పోతుందో తెలుసుకోదలచుకోలేదు.

గేటు దగ్గర ఫోన్లు, పెన్నులు, సంచులు అన్నీ తీసుకున్నారు. యాదమ్మక్క కొంగున ముడేసిన తాళంచెవి కూడా ఇమ్మన్నారు. ఆమె దాన్ని విప్పి ఇస్తూ, తిరిగి ఇస్తారా అన్నట్టు నా వైపు చూసింది. ఇస్తారన్నాను. గ్యాలరీలో కూర్చున్నాం. కింద పచ్చటి తివాచీ, అర్ధచంద్రాకారంలో బెంచీలు, ఎదురుగా ఎత్తైన కుర్చీ. ఇన్నేళ్లు నోటితో చెప్పిన సభను కళ్లతో చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. అది కూడా నిజమే. అబద్ధమాడి తెచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని పులకరించాను.

ఏదో బిల్లు మీద చర్చ అయిపోయింది. అనుకూలంగా ఉన్నవారు అవునని, కానివారు కాదని చెప్పండని సభాపతి స్థానంలో కూర్చున్నాయన అడిగాడు. కింద కొందరు అవునన్నారు. యాదమ్మక్క లేచింది. చేయెత్తింది. "ఒద్దు! మాకొద్దు!" అంది. గ్రామసభలో అన్నట్టే, అదే గొంతుతో. మైకు అక్కర్లేని గొంతు. కింద తలలన్నీ పైకి లేచాయి. రెప్పపాటులో ఇద్దరు ఆడ సిబ్బంది ఆమె రెండు రెక్కలూ పట్టుకున్నారు. ఒకరు నోటికి చేయి అడ్డం పెట్టారు. ఆమె గింజుకోలేదు. అంత ఆశ్చర్యపోయింది. ఏం తప్పు జరిగిందో తెలియక, కళ్లు ఇంత చేసుకుని నన్ను వెతుక్కుంది. నేను చూపు తిప్పేసి ముందు వరుసలోని మనిషి వీపును చూస్తూ కూర్చున్నాను.

ఆ చూపు నాకు దెబ్బలా తగిలింది. ఇంత జరుగుతుందా, ఇంత చప్పున జరుగుతుందా అనుకున్నాను. నేను తోసిన మనిషి కింద పడితే నేనే ఉలిక్కిపడ్డాను. అంత సిగ్గులేని ఉలికిపాటు ఇంకొకటి ఉంటుందా?

ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టారు. భాష తెలియడం లేదు, హిందీ వచ్చినవాళ్లెవరని అడిగారు. మా వాళ్లందరూ నా వైపు చూపించారు. వెళ్లాను. బల్ల అవతల ఒక అధికారి. ఆయన అరవలేదు. ఎవరు పంపారు, ఏ పార్టీ, ఎందుకు అరిచావు అని ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. నేను తెలుగులో చెబుతున్నాను. ఆమె చెప్పింది హిందీలో చెబుతున్నాను. చివరికి అడగాల్సింది అడిగాడు. ఇలా లేచి అనొచ్చని నీకు ఎవరు చెప్పారు?

నేను ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చాలి. నా నోటితో నేనే అడగాలి. "గిట్ల అనొచ్చని ఎవరు చెప్పిండ్రని అడుగుతుండు" అన్నాను. చూపు బల్ల మీదే.

ఆమె కొంగు సర్దుకుంది. తర్వాత, "ఎవ్వలు జెప్పలే, నాకే తోచింది అని చెప్పు సారూ" అంది.

అలాగే చెప్పాను. ఒక్క అక్షరం అటూ ఇటూ పోకుండా హిందీలో చెప్పాను. అంత నిక్కచ్చిగా నేనెప్పుడూ దేన్నీ అనువదించి ఉండను. అధికారి రాసుకున్నాడు. సభ ముగిసేదాకా ఆమెను అక్కడే ఉంచి, హెచ్చరించి వదిలేశారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుంది. మా వాళ్లు ఎవరూ దగ్గరికి పోలేదు. గేటు దగ్గర ఫోన్లు చేతికి రాగానే ఎంపీ మనిషి ఫోన్ చేసి నిప్పులు కక్కాడు. పూచీ పడ్డ పాపానికి మా సారు పరువు తీస్తారా అన్నాడు. సాయంత్రం మంత్రి దగ్గరికి రానక్కర్లేదన్నాడు.

చెరువు కింది పొలాలు పోయాయి. మంత్రిని కలిసి ఉంటే నిలిచేవా? ఏమో. నిలిచేవి కాదేమోనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఊరు మాత్రం అలా అనుకోలేదు. యాదమ్మ నోటి దురుసు వల్లే పొలాలు పోయాయనుకుంది. ఢిల్లీ యాదమ్మ అని పేరు పెట్టింది. ఆమె నడిచొస్తుంటే "అక్కా, ఒద్దంటవా?" అని చేయెత్తి చూపించి నవ్వేవాళ్లు. గ్రామసభకు ఆమె రావడం మానేసింది. ఎన్నికల్లో ఆమె పేరెత్తినవాళ్లు లేరు. మా ఆవిడ సర్పంచి అయింది. నేను స్టేజీ మీద కూర్చున్నాను, మైకులో మాట్లాడాను. సన్మానంలో శాలువా కప్పించుకున్నాను. మా ఆవిడకు ఇవేవీ తెలియవు. ఇది చదివితేనే తెలుస్తుంది.

ఇక్కడిదాకా చెప్పి చూసుకుంటే ఒకటి దాటేశాను. కావాలనే దాటేశాను. వెనక్కి వెళ్లి చెబుతాను.

గ్యాలరీలో ఆమె లేవడానికి ముందు నా చెవి దగ్గరికి వంగి, "భూముల ముచ్చటేనా సారూ?" అని గుసగుసగా అడిగింది. ఆ బిల్లు భూములది కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఒక విద్యాసంస్థకు సంబంధించింది. నాకు ప్రతి మాటా అర్థమవుతోంది. కాదని చెప్పడానికి నోరు కూడా తెరవక్కర్లేదు, తల అడ్డంగా తిప్పితే చాలు. నేను అవునన్నట్టు ఊపాను. రైల్లో అన్న మాట కడుపుమంటలో జారిందని సర్దుకోవచ్చు. ఈ తల ఊపుడుకు ఏం పేరు పెట్టను? అప్పటికి కోపం కూడా చల్లారిపోయింది. ప్రశాంతంగా ఊపాను. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు సరే, నాకు నేను కూడా గుర్తుచేసుకోలేదు.

ఇక మొన్నటి సంగతి. సాగర్ రోడ్డు మీది ఒక కాలేజీలో రాజ్యాంగం మీద సభ పెట్టి నన్ను పిలిచారు. మన రాజధాని, మన పార్లమెంటు అని మాట్లాడాను. కలకత్తా, ఢిల్లీ, రైసినా కొండ. ఆ కొండ చుట్టూ ఊళ్లు ఉండేవని, నగరం కోసం వాళ్ల పొలాలు తీసుకున్నారని ఇప్పుడు చెబుతున్నాను, చదివి తెలుసుకున్నాను కాబట్టి. పాత గుండ్రటి భవనం పక్కనే కొత్తది కట్టి సభలు అందులోకి మారాయని చెప్పాను. ఏదో ఒక రోజు మీరూ వెళ్లి చూడండి, గ్యాలరీలో మాత్రం నోరు మెదపకూడదు, చేయి ఎత్తకూడదు అన్నాను. పిల్లలు తలలూపారు.

భోజనానికి హాస్టల్ మెస్సుకు తీసుకెళ్లారు. అన్నం వడ్డిస్తున్నది యాదమ్మక్క. పొలం పోయాక అక్కడ వంటలో చేరిందట. నాకు తెలియదు. తెలుసుకున్నదెప్పుడు? ఊళ్లో ఆమె కనబడితే తప్పుకు తిరిగేవాణ్ణి. జుట్టు నెరిసింది, నడుం కొంచెం వంగింది. నన్ను చూసి ముఖమంతా నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"ఎనక నిలబడి ఇన్న సారూ. మస్తు మంచిగ చెప్పినవ్. చెయ్యెత్తొద్దని పిల్లలకు చెప్పినవ్ సూడు, గది ఇని నా పానం సల్లగైంది. గప్పుడు నీకు సుత తెల్వకపాయె. తెల్వక చెప్పినవ్, గంతే. ఇప్పుడు నేర్చుకున్నవ్. మల్ల ఇంకో ఆడిమనిషి నా లెక్క ఆగం గాదు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "గా ఆఫీసరుకు నీ పేరు ఎందుకు చెప్పలేదో ఎరుకేనా? సారుకు పాఠమే తెల్వదని అంటే, పిల్లలు నీ మాట ఇంటరా?"

ఇన్నేళ్లూ నేను ఒకటి అనుకున్నాను. ఆ గదిలో ఆమెకు నా కుట్ర అర్థమయ్యే ఉంటుందని, ఊరి మనిషినని దయతలచి వదిలేసిందని, లేదా భయపడిందని. అదేం కాదు. ఆమె నా ఉద్యోగాన్ని కాపాడుకుంటూ వచ్చింది. నేను తెలివితక్కువవాణ్ణని నమ్మి, ఆ తెలివితక్కువతనం బయటపడకుండా తన పరువు అడ్డం పెట్టింది. మోసపోయానన్న అనుమానం కూడా ఆమెకు లేదు. ఇన్నేళ్లు ఊరు చేయెత్తి నవ్వుతుంటే, పాపం సారుకు తెలియదు కదా అనుకుంటూ నడిచిపోయింది. నేను ఆమె ముందు ఏమన్నానో తెలుసా? "అవ్ అక్కా, గప్పుడు తెల్వదు" అన్నాను. మళ్లీ అబద్ధం. ఆమె పెరుగు తేవడానికి లోపలికి వెళ్లింది. నేను చేయి కడుక్కుని వెనక గుమ్మంలోంచి బయటపడ్డాను.

మన్నెగూడ దాకా బండి ఎలా నడిపానో తెలియదు. రోడ్డు పక్కన ఆపి కూర్చున్నాను. నన్ను క్షమించే ప్రశ్న అక్కడ లేనే లేదు. ఆమె దృష్టిలో క్షమించాల్సిన తప్పే జరగలేదు. అలా ఊరుకుంటే ఆ మెప్పు ఆమె బతికినంత కాలం ఆమె దగ్గర ఉంటుంది, అబద్ధంగా. ఉండనిస్తే ఎవరికి నష్టం? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నాకు నా మీద అసహ్యం వేసింది. ఇది కూడా నా నష్టం గురించిన లెక్కే.

ఆ ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కోడలు లోపల ఉంది. కుర్చీ వేయమని కోడల్ని పిలవబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను. "తెల్వక కాదక్కా. తెలిసే చెప్పిన. లోపల తల ఊపింది సుత తెలిసే."

ఆమె చేయి ఆగింది. నన్ను చూసింది. పార్లమెంటు గ్యాలరీలో చూసిన చూపు కాదిది. అప్పుడు ఆశ్చర్యం ఉంది. ఇప్పుడు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు, ఈ మనిషి ఎవరా అన్నట్టు చూసింది. ఎందుకని అడగలేదు. నేనే ఎన్నికల సంగతి చెప్పుకొచ్చాను. విన్నదో లేదో తెలియదు. ఆ తర్వాత కోడల్ని పిలిచింది.

"మల్ల జెప్పు. ఈమె ఇనలే."

మళ్లీ చెప్పాను. కోడలు గడప మీదే నిలబడిపోయింది. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టం కాలేదు. ఛాతీలో ఏదో వదులైంది. ఆ వదులుకు ఎంత సిగ్గేసిందో, ఆ వదులు ఎంత బాగుందో, రెండూ నిజమే. మీ ముందు దాచను.

యాదమ్మక్క నాకు పొమ్మని చెప్పలేదు, కూర్చోమని చెప్పలేదు. సారూ అని కూడా పిలవలేదు. గోడ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ మా వైపే చూస్తోంది. యాదమ్మక్క గడ్డంతో అటు చూపించింది.

"గప్పుడు ఆమె సుత నన్ను సూసి నవ్వింది. ఆమెకు చెప్పు."

నేను గోడ దగ్గరికి నడిచాను. ఆమెకు వినబడేలా చెప్పాను.